మొదటిసారి పుస్తకావిష్కరణకి: ఎన్నింటికి వెళ్ళాలి, ఎక్కడ కూర్చోవాలి, ఏం కొనాలి?

కొత్తచందా:

వాట్సాప్ గ్రూపుల్లో వారానికి రెండు మూడు ఆవిష్కరణ ఆహ్వానాలు వస్తున్నాయి. అన్నిటి కిందా ‘అందరూ ఆహ్వానితులే’ అనే ఉంటుంది. తీరా ఫోటోలు చూస్తే వేదిక మీదవాళ్ళూ కింద కూర్చున్నవాళ్ళూ ఒకరికొకరు బాగా తెలిసినవాళ్ళలా కనిపిస్తారు. ఎవరూ తెలియని ఒట్టి పాఠకుడు ఊరికే వెళ్ళి కూర్చోవచ్చా? ఆరు గంటలకి అంటే అసలు ఎన్నింటికి? అయిపోయేదాకా ఉండి తీరాలా? పుస్తకం అక్కడే కొనాలా, తర్వాత షాపులో కొనుక్కున్నా ఒకటేనా? బొమ్మల ప్రదర్శనల ప్రారంభానికి కూడా వెళ్ళాలనుంది. కొనకుండా చూసి వచ్చేస్తే ఏమనుకుంటారో అని బెరుకు. హైదరాబాద్ వరకు చెప్పినా చాలు.

మూడోవరుస:

నిరభ్యంతరంగా వెళ్ళండి. తెలుగు పుస్తకాల సభలకి టికెట్టు ఉండదు, పేరు నమోదు ఉండదు. గుమ్మం దగ్గర ‘మీరెవరు’ అని అడిగేవాళ్ళు ఉండరు. కుర్చీలు నిండుతాయా లేదా అని బెంగపడేవాళ్ళే ఉంటారు. ఇంగ్లీషు పుస్తకాల షాపుల్లో, కేఫుల్లో జరిగేవాటికి మాత్రం చోటు తక్కువ కాబట్టి ముందుగా ఫారం నింపమంటారు.

కార్డు మీద 6 అని ఉంటే సభ మొదలయ్యేది 6.20కీ 6.40కీ మధ్య. ఆలస్యానికి కారణాలు ఎప్పుడూ అవే. ముఖ్య అతిథి ట్రాఫిక్‌లో ఉంటాడు, ఫ్లెక్సీ కట్టడం అవ్వదు, ముందు వరసలు నిండలేదని నిర్వాహకులు ఆగుతారు. అలాగని మీరు 6.40కి వెళ్ళకండి. 6కి, కుదిరితే ఇంకో పది నిమిషాలు ముందే వెళ్ళండి. రచయిత గుమ్మం దగ్గర ఖాళీగా, కాస్త కంగారుగా నిలబడి ఉండేది అప్పుడే. కొత్త పాఠకుడు వచ్చి పలకరిస్తే సంతోషిస్తాడు. సభ అయ్యాక ఆయన చుట్టూ శాలువాలు, పూలగుత్తులు, సెల్ఫీలు. మీ వంతు వచ్చేసరికి ఆయన చెవికి ఏదీ ఎక్కదు. పుస్తకం కొని సంతకం పెట్టించుకోవడం కూడా ఈ ముందు సమయంలోనే తేలిక. టీ, సమోసా పెడితే అవీ సాధారణంగా అప్పుడే. అవి వచ్చినవాళ్ళందరికీ, మొహమాటపడక్కర్లేదు.

ఇక ఆహ్వాన పత్రిక చదవడం ఒక విద్య. పైనుంచి కిందికి చూడండి. ‘సభాధ్యక్షత’ ఉన్నవారు మొదట ఒకసారి, చివర ఒకసారి మాట్లాడతారు, మధ్యలో ప్రతి వక్తకీ ముందు ఓ రెండు నిమిషాలు. ‘ఆవిష్కర్త’ పెద్ద పేరు. పుస్తకం పూర్తిగా చదివి వచ్చి ఉండొచ్చు, ముందుమాట మాత్రం చదివి వచ్చి ఉండొచ్చు. ‘తొలి ప్రతి స్వీకర్త’ అంటే కవరు కట్టిన మొదటి ప్రతిని డబ్బిచ్చి తీసుకునేవారు, లేదా అంకితం పొందినవారు. ‘ఆత్మీయ అతిథులు’ అన్న మాట కింద ఎన్ని పేర్లున్నాయో లెక్కపెట్టండి. సభ నిడివి తేలేది అక్కడే. ‘పుస్తక పరిచయం’ లేదా ‘సమీక్ష’ అన్నచోట ఒకరో ఇద్దరో ఉంటారు. పుస్తకం గురించి విషయం చెప్పేది వాళ్ళే. చివర్లో ‘రచయిత స్పందన’, ఆ తర్వాత ‘వందన సమర్పణ’.

లెక్క వేయండి. తొమ్మిది పేర్లుంటే మనిషికి 12 నిమిషాల చొప్పున 108 నిమిషాలు. శాలువాలకీ జ్ఞాపికలకీ ఇంకో 20. సభ 6.30కి మొదలైతే రచయిత మైకు దగ్గరకు వచ్చేసరికి 8.40. హాలు 9 వరకే బుక్ చేసి ఉంటారు కాబట్టి అప్పటికే వాచ్‌మన్ తలుపు దగ్గర తచ్చాడుతుంటాడు. ‘సమయాభావం వల్ల రెండే రెండు మాటలు’ అని రచయిత కూర్చుండిపోతాడు, మీరు వినడానికి వచ్చిందే ఆ మాటలు! అందుకని వేదిక మీద అయిదుగురికి మించి పేర్లు లేని సభలు ముందు ఎంచుకోండి. ‘రచయితతో సంభాషణ’ అని ఉంటే ఇంకా మేలు: ఎదురుగా ఒక్కరే కూర్చుని ముప్పావుగంట మాట్లాడిస్తారు, ఆ తర్వాత ప్రశ్నలు. చిన్న ప్రచురణ సంస్థలు ఇప్పుడు ఎక్కువగా ఈ పద్ధతికే వస్తున్నాయి.

మధ్యలో లేచి వెళ్ళడం తప్పేమీ కాదు, ఎప్పుడు లేస్తున్నారన్నదే చూసుకోవాలి. ఒకరు మాట్లాడుతుండగా లేవకండి. ఒకరి ఉపన్యాసం అయి శాలువా కప్పేటప్పుడు ఫోటోల కోసం అందరూ అటూ ఇటూ కదులుతుంటారు, అప్పుడు లేస్తే ఎవరికీ పట్టదు. మొదటి రెండు వరసలు పిలిచి సన్మానించాల్సినవాళ్ళ కోసం ఉంచుతారు. మూడో వరసలో, నడిచే దారి పక్క కుర్చీ అన్ని విధాలా మంచిది.

హాలు పేరు పూర్తిగా చదవండి, కొత్తవాళ్ళు పొరబడేది ఇక్కడే. రవీంద్రభారతి అంటే ఒక్క పెద్ద హాలే కాదు. ప్రాంగణంలో సమావేశ మందిరం, పైడి జయరాజ్ ప్రివ్యూ థియేటర్, ఐసీసీఆర్ ఆర్ట్ గ్యాలరీ వేరేవేరేగా ఉన్నాయి. పుస్తకం సభ చిన్న హాల్లో జరుగుతుంటే జనం పెద్ద హాల్లో నాట్య ప్రదర్శన దగ్గర అరగంట కూర్చుని వెతుక్కుంటారు. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోనూ అంతే, షోయబ్ హాల్, దొడ్డి కొమురయ్య హాల్ అని విడివిడిగా ఉంటాయి. మెట్రోలో వచ్చేవాళ్ళకి: రవీంద్రభారతికి లక్డీకాపూల్ లేదా అసెంబ్లీ స్టేషన్, త్యాగరాయ గానసభకి చిక్కడపల్లి, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయానికి సుల్తాన్ బజార్. 1901లో పెట్టిన గ్రంథాలయం అది, సభ లేని రోజు కూడా వెళ్ళదగ్గ చోటు. బంజారాహిల్స్ లామకాన్‌కి మెట్రో దిగాక ఆటో తప్పదు.

ఏ రోజు ఎక్కడ ఏముందో తెలియాలంటే మూడు దారులు. దినపత్రికల సిటీ పేజీల్లో ఆ రోజు కార్యక్రమాల చిన్న పెట్టె. సోమవారం ఆంధ్రజ్యోతి ‘వివిధ’ పేజీలో మూలన వచ్చే ప్రకటనలు. ప్రచురణకర్తల ఫేస్‌బుక్ పేజీలు. వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయిన కార్డుని ఒక్కదాన్నే నమ్మకండి. తేదీ మారితే కొత్త కార్డు వస్తుంది గానీ పాతది కూడా తిరుగుతూనే ఉంటుంది.

చిల్లరపెట్టె:

పుస్తకాల బల్ల వైపు నుంచి చెప్తాను. అక్కడే కొనండి అంటాను, అదీ మర్యాద కోసం కాదు.

చిన్న ప్రచురణ సంస్థ ఇవాళ ఒక కథల పుస్తకం వేస్తే 300 నుంచి 500 ప్రతులు. ఒకప్పటిలా మొదటి ముద్రణే వెయ్యి అనేది ఇప్పుడు పేరున్నవాళ్ళకే. డెమీ సైజు (మామూలుగా కథల పుస్తకాలు వచ్చే సైజు), 160 పేజీలు, వెల ఏ 180 రూపాయలో ఉంటుంది. అదే పుస్తకం షాపు ద్వారా అమ్ముడుపోతే వెలలో మూడో వంతు నుంచి నలభై శాతం దాకా షాపు, పంపిణీదారు కమిషన్‌కే పోతుంది. మిగిలిన డబ్బు చేతికి రావడానికి నెలలు పడుతుంది. పోస్టులో పంపితే ప్యాకింగూ కొరియరూ కలిసి పుస్తకం వెలలో నాలుగో వంతు మింగేస్తాయి. సభ దగ్గర బల్ల మీద 150కి ఇచ్చినా ఆ డబ్బు ఆ రాత్రికే లెక్కలోకి వస్తుంది, దాంతోనే తర్వాతి పుస్తకం కాగితం. ఆవిష్కరణ రోజు తగ్గింపు ముందే వేసి ఉంటారు కాబట్టి దాని మీద మళ్ళీ బేరం ఆడకండి. పుస్తకాల మీద జీఎస్టీ లేదు, ఎవరైనా కలిపి చెప్తే అడగండి.

చిల్లర పట్టుకెళ్ళండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ బల్ల దగ్గర అమ్మకం ఆగేది దీనివల్లే. సెల్లార్ హాళ్ళలో సిగ్నల్ ఉండదు, ఫోన్‌పే చక్రం తిరుగుతూనే ఉంటుంది, వెనక పదిమంది నిలబడతారు. అందరి దగ్గరా 500 నోట్లే. మూడు వంద నోట్లూ రెండు యాభై నోట్లూ జేబులో ఉంటే మీ పని నిమిషంలో అవుతుంది.

కొనేముందు ప్రతిని చూసుకోండి. ఆవిష్కరణ ప్రతులు చాలాసార్లు ఆ మధ్యాహ్నమే ప్రెస్ నుంచి ఆటోలో దిగుతాయి, తనిఖీ చేసే వ్యవధి ఉండదు. పుస్తకం సాధారణంగా 16 పేజీల ఫారాలుగా అచ్చయి, మడతపడి, కలిపి అతుకుతారు. తప్పు జరిగేది ఫారం మారేచోటే. 16 తర్వాత 17 ఉందా, 32 తర్వాత 33 ఉందా, 48 తర్వాత 49 ఉందా అని అలా గబగబా తిప్పితే చాలు. ఒక ఫారం రెండుసార్లు పడి ఇంకోటి మాయమవడం, తలకిందులుగా అతుక్కోవడం, ఒకవైపు అచ్చుపడక తెల్లగా మిగలడం, ఇవే మామూలుగా కనిపించే మూడు లోపాలు. అక్కడైతే వెంటనే వేరే ప్రతి ఇస్తారు, వారం తర్వాత అదే పని మీకు కొరియర్ ఖర్చు.

కొత్త పుస్తకాన్ని సభలో కూర్చుని 180 డిగ్రీలు విరిచి చదవకండి. వెన్నుకి వేసిన జిగురు పూర్తిగా గట్టిపడి ఉండదు, అక్కడే పగులుతుంది, రెండు నెలలకి పేజీలు ఊడి చేతికొస్తాయి. అట్ట బయటికి వంకర తిరిగితే కంగారు వద్దు. లామినేషన్ ఒకవైపే ఉంటుంది, రెండోవైపు కాగితం తేమ పీల్చి సాగుతుంది, అందుకే ఆ వంపు. ఇంట్లో నాలుగు బరువైన పుస్తకాల కింద రెండు మూడు రోజులు పెట్టండి, చాలావరకు సరిపోతుంది.

సంతకం సంగతి. మీ పేరు చిన్న కాగితం మీద రాసి పుస్తకంతో పాటు ఇవ్వండి. హడావుడిలో ‘శ్రీనివాస్’ అని చెప్తే ‘శ్రీనివాసరావు’ అని రాసేస్తారు, కొట్టివేతతో సంతకం మిగులుతుంది. పుస్తకం పేరు, రచయిత పేరు ఉన్న లోపలి పేజీ తెరిచి ఇవ్వండి. అట్ట లోపలివైపు నున్నగా ఉంటే జెల్ పెన్ ఆరదు, మూయగానే ఎదుటి పేజీకి అంటుకుంటుంది. మామూలు బాల్ పెన్ మీ దగ్గర ఒకటి ఉంచుకోండి.

ఆ పేజీ వెనక్కి తిప్పితే ఉన్న చిన్న అక్షరాలు కూడా చదవండి. ప్రథమ ముద్రణ ఎప్పుడు, ప్రతులు ఎన్ని, వెల ఎంత, ముఖచిత్రం ఎవరిది, లోపలి లేఅవుట్ ఎవరిది. ఆ కింద ‘ప్రతులకు’ అని చిరునామాలు. నాలుగు పుస్తకాలకి చూస్తే ఏ సంస్థ ఎలాంటివి వేస్తోందో, ఏ షాపులో దొరుకుతాయో పటం గీసుకున్నట్టు తెలిసిపోతుంది. 1980 నుంచి ఉన్న హైదరాబాద్ బుక్ ట్రస్ట్ దగ్గర్నుంచి ఛాయ, అన్వీక్షికి, అనల్ప దాకా ఎవరి పద్ధతి వాళ్ళది. కాచిగూడ నవోదయ పుస్తకాల షాపులో ఇవన్నీ పక్కపక్కనే చూడొచ్చు.

ఉచిత ప్రతి అడగకండి. వాళ్ళంతట వాళ్ళు చేతిలో పెడితే ‘నాలుగు మాటలు రాయండి’ అన్న కోరిక దానితో పాటే వస్తుంది. రాసే ఉద్దేశం లేకపోతే డబ్బిచ్చి కొనుక్కోవడమే హాయి, నచ్చకపోతే నచ్చలేదనే స్వేచ్ఛ మీకు మిగులుతుంది.

ఎర్రచుక్క:

బొమ్మల వైపు నేను చెప్తా. ముందుగా బెరుకు తీసేయండి. ప్రారంభానికి వచ్చిన వందమందిలో కొనేవాళ్ళు ఇద్దరో ముగ్గురో, గ్యాలరీవాళ్ళకి అది బాగా తెలుసు. కొనరా అని ఎవరూ అడగరు.

అసలు చిక్కు వేరే. ప్రారంభం రోజు సాయంత్రం బొమ్మలు కనపడవు. ప్రతి బొమ్మ ముందూ వీపులే. కాబట్టి ఆ రోజు మనుషుల్ని కలవడానికి, చిత్రకారుడి మాట వినడానికి వెళ్ళి, బొమ్మలు చూడటానికి వారం మధ్యలో మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళండి. ప్రదర్శన ఎన్నాళ్ళుంటుందో చూసుకోండి. అద్దె హాళ్ళలో మూడు నాలుగు రోజులకే దించేస్తారు, సొంత కార్యక్రమం నడిపే గ్యాలరీల్లో మూడు నాలుగు వారాలు ఉంచుతారు. మాదాపూర్ కావూరి హిల్స్‌లోని రాష్ట్ర చిత్రకళా గ్యాలరీ, అదే చిత్రమయి, ఖాళీగా నడిచి చూడటానికి బాగుంటుంది. బంజారాహిల్స్ కళాకృతి, జూబ్లీహిల్స్ సృష్టి కూడా తిరగండి.

బొమ్మ పక్కన చిన్న చీటీ ఉంటుంది: పేరు, మాధ్యమం, కొలత, సంవత్సరం. కొలతలో ఎత్తు ముందు రాసి వెడల్పు తర్వాత రాయడం వాడుక. ఇంట్లో గోడ కొలుచుకుని వచ్చినవాళ్ళు ఈ ఒక్కచోట తడబడతారు. ధర చీటీ మీద ఉండదు. బల్ల దగ్గర ధరల పట్టిక ఉంటుంది, అడిగితే చేతికిస్తారు, అడగడం అమర్యాద కాదు. ఎర్ర చుక్క అంటించి ఉంటే అమ్ముడైపోయింది. ధర చూసి ‘ఇంత చిన్నదానికి ఇంతా’ అని చిత్రకారుడికి వినపడేలా అనకండి, అంతకంటే పెద్ద నియమం లేదు. గ్యాలరీ దాటించి ‘మీ ఇంటికొచ్చి తగ్గించి తీసుకుంటా’ అనడం కూడా వద్దు. ధరలో మూడో వంతు నుంచి సగం దాకా గ్యాలరీ వాటా ఉంటుంది నిజమే, కానీ అద్దె, లైట్లు, ప్రచారం, బీమా దాంట్లోంచే. ఆ మాటకి ఒప్పుకుంటే చిత్రకారుడికి మళ్ళీ ఆ గ్యాలరీలో గోడ దొరకదు.

ఫోటోకి ముందు అడగండి, ఫ్లాష్ వద్దు. భుజాన సంచీ ఉంటే ముందుకి తిప్పుకోండి. వెనక్కి అడుగేసి చూసేటప్పుడు సంచీ తగిలే బొమ్మలే ఎక్కువ.

కొత్తచందా:

ముగ్గురికీ ధన్యవాదాలు. రెండు అనుమానాలు. తక్కువ ధరలో కొనాలంటే ‘ప్రింట్’ కొనమంటున్నారు, ప్రింట్ అంటే జిరాక్స్ లాంటిదేనా? ఇంకొకటి, ప్రశ్నల సమయంలో ఏం అడగాలో తెలియదు. ఊరుకుంటే బాగుంటుందా?

ఎర్రచుక్క:

ఒకే మాటకి రెండు అర్థాలు ఉండటంతో వచ్చిన గోల అది. ఎచింగ్, లితోగ్రాఫ్, వుడ్‌కట్ లాంటివి చిత్రకారుడు రేకు మీదో రాయి మీదో చెక్క మీదో గీసి, చెక్కి, సిరా పూసి ఒక్కొక్కటీ తీసిన అచ్చులు. ఇవి అసలు కళాఖండాలే. చిత్రకారుడు లక్ష్మాగౌడ్ గారి పేరు నిలబడింది ప్రధానంగా ఎచింగ్‌ల మీదే. రెండో రకం, కాన్వాస్ బొమ్మని స్కాన్ చేసి ఇంక్‌జెట్‌లో తీసిన నకలు. అదీ అమ్మొచ్చు, కాకపోతే మొదటిదాని ధర పెట్టకూడదు.

తేడా చూడటం ఇలా. బొమ్మ కింద తెల్ల అంచులో పెన్సిల్‌తో రాసింది చూడండి. ఎడమవైపు 3/25 లాంటి అంకె, మధ్యలో పేరు, కుడివైపు సంతకం. 3/25 అంటే మొత్తం 25 అచ్చుల్లో ఇది మూడోది. అంకెకి బదులు ఏ/పీ అని ఉంటే చిత్రకారుడు తన కోసం విడిగా ఉంచుకున్న ప్రతి. ఇప్పుడు కాగితాన్ని వెలుగుకి ఏటవాలుగా చూడండి. ఎచింగ్ అయితే బొమ్మ చుట్టూ రేకు అంచు నొక్కుకుపోయిన గాడి కనిపిస్తుంది, తాకకుండానే తెలుస్తుంది. లితోగ్రాఫ్‌కీ సెరిగ్రాఫ్‌కీ (తెర గుండా రంగు దింపి తీసే అచ్చు) ఆ గాడి ఉండదు కాబట్టి గాడి లేదని వెంటనే నకలు అనేయకండి. చిన్న భూతద్దంతో రంగు చూడండి, సన్నటి రంగు చుక్కలు చల్లినట్టు కనిపిస్తే అది యంత్రం పని.

కొంటే రసీదు మీద చిత్రకారుడి పేరు, మాధ్యమం, కొలత, అచ్చు అంకె రాయించుకోండి. ధరలో ఫ్రేమ్ కలిసిందా, జీఎస్టీ కలిసిందా అడగండి. కాగితం మీద పని అయితే అద్దం కావాలి. అద్దానికీ కాగితానికీ మధ్య మౌంట్ బోర్డు (బొమ్మ చుట్టూ పెట్టే మందపాటి అట్ట) మందం ఖాళీ ఉండాలి. అది లేకుండా వీధి చివర ఫ్రేము కట్టిస్తే వానాకాలం తేమకి కాగితం అద్దానికి అతుక్కుంటుంది, బూజు చుక్కలు పడతాయి. ఆ మచ్చలు తీయడం కష్టం. వంటింటి గోడకి, ఎండ పడే గోడకి వేలాడదీయకండి.

మూడోవరుస:

రెండోదానికి నేను చెప్తాను. ఊరుకున్నా తప్పు లేదు. అడగాలనుకుంటే ముందే ఒక కథో నాలుగు కవితలో చదివి వెళ్ళండి, చాలా పుస్తకాల్లోవి అంతకుముందే పత్రికల్లోనో వెబ్ పత్రికల్లోనో వచ్చి ఉంటాయి. ‘ఫలానా కథ చివర ఆవిడ తలుపు ఎందుకు తీయలేదు’ లాంటి ప్రశ్నకి రచయిత కళ్ళు వెలుగుతాయి. ‘మీకు స్ఫూర్తి ఎవరు’ అంటే చెప్పి చెప్పి అరిగిపోయిన జవాబే వస్తుంది. మైకు అందాక మీ అభిప్రాయం అయిదు నిమిషాలు చెప్పి చివర్న ‘మీరేమంటారు’ అనడం మాత్రం వద్దు. సొంత కవిత చదవడం అసలే వద్దు. ప్రతి సభకీ ఒకరు ఉంటారు, ఆ ఒక్కరు చాలు.

బెజవాడబండి:

హైదరాబాద్ అన్నారు గానీ డిసెంబరు, జనవరి మాట చెప్పకపోతే ఎలా? ఆ రెండు నెలల్లో సభలన్నీ పుస్తక ప్రదర్శనల వేదికల మీదకే వస్తాయి. డిసెంబరులో హైదరాబాద్ ఎన్టీఆర్ స్టేడియంలో, జనవరి మొదట్లో విజయవాడలో. అక్కడ మూడోవరుస గారి లెక్క పనిచేయదు. ఒక్కో పుస్తకానికి అరగంట, ముప్పావుగంట ఇస్తారు. తర్వాతవాళ్ళు మెట్ల దగ్గర కాచుకుని ఉంటారు కాబట్టి ఆత్మీయ అతిథులు కూడా మూడు నిమిషాల్లో దిగుతారు. కొత్తవాళ్ళు మొదలుపెట్టడానికి ఇంతకంటే తేలికైన చోటు లేదు. ఒక్క సాయంత్రంలో నాలుగు పుస్తకాల సంగతి తెలుస్తుంది, నచ్చకపోతే లేచి స్టాళ్ళ వైపు నడిచినా ఎవరూ చూడరు.

ఇబ్బంది ధ్వనితో. పక్క స్టాలు ప్రకటనలు, తప్పిపోయిన పిల్లల పేర్లు, అన్నీ ఒకే మైకులో. స్పీకరు డబ్బాకి మరీ దగ్గరా కాకుండా, మరీ వెనకా కాకుండా మధ్యలో కూర్చోండి. ఆదివారం సాయంత్రం వెళ్తే నడవడానికే చోటుండదు. మామూలు రోజు 4 గంటలకి వెళ్ళి ముందు స్టాళ్ళు చూసుకుని 6కి వేదిక దగ్గరకి చేరండి. పుస్తకాలు మాత్రం తిరిగి వెళ్ళేటప్పుడు కొనండి, మొదటే కొంటే ఆ సంచీ మూడు గంటలు మోయాలి. వేదిక మీద ఆవిష్కరించిన పుస్తకం ఏ నంబరు స్టాల్లో ఉందో అక్కడే అడిగి రాసుకోండి. చిన్న సంస్థలకి చాలాసార్లు సొంత స్టాలు ఉండదు, వేరేవాళ్ళ బల్ల మీద ఓ మూలన పెడతారు, వెతికితే దొరకదు.

చిల్లరపెట్టె:

స్టాలు నంబరు మాట నూటికి నూరు పాళ్ళు నిజం. ఇంకొకటి కలుపుతాను. ఆవిష్కరణకి యాభై ప్రతులే అందాయి, మిగతావి బైండింగ్‌లో ఉన్నాయి అంటే నిరాశపడి వచ్చేయకండి. డబ్బు కట్టి చిరునామా ఇస్తే తగ్గింపు ధరకే వారంలో పంపిస్తారు. చిరునామాతో పాటు పిన్‌కోడ్, ఫోను నంబరు స్పష్టంగా రాయండి. పిన్‌కోడ్ తప్పు వల్ల పార్సిళ్ళు తిరిగొస్తుంటాయి.